కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

"బాబూ, మా కంప్యూటర్ పోయింది." విశాఖ లాసన్స్ బే కాలనీలో మా కింది వాటాలో ఉండే పిన్నిగారు ఈ మాటతో తలుపు కొట్టడం ఇది మూడోసారి. వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టుకోవాలి, గడువు మర్నాడే. ఇంట్లో అందరికీ టెన్షన్. "పోవడమంటే ఏమైంది పిన్నిగారూ? లైటు వెలుగుతోందా? ఫ్యాను తిరుగుతోందా?" అంటే, "ఏమో నాయనా, రావట్లేదు, అంతే" అన్నారు. కిందికి వెళ్లి చూశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. పావుగంటలో బాగైపోయింది. అందుకు కావలసి వచ్చినవి ఒక స్క్రూడ్రైవరు, ఆ అబ్బాయి జామెట్రీ బాక్సులోని రబ్బరు.

నేను వెళ్లేలోపే బాబాయిగారు తెలిసినవాళ్లకెవరికో ఫోన్ చేశారట. "విండోస్ పోయుంటుంది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారట వాళ్లు. కంపెనీ లోగో కూడా రాని మెషీన్లో విండోస్ తప్పేముంటుంది? బండి అక్కడిదాకా వెళ్లనే లేదు కదా.

పవర్ బటన్ నొక్కాక లోపల పనులన్నీ ఒక వరసలో జరుగుతాయి. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) కరెంటు అందించి, ఓల్టేజీలు కుదిరాయని మదర్‌బోర్డుకి కబురు పెడుతుంది. అప్పుడు ప్రాసెసర్ లేచి, బోర్డు మీది చిప్‌లో ఉన్న బయోస్ అనే తొలి ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. ఇప్పటి బోర్డుల్లో దాని పేరు యూఈఎఫ్‌ఐ, పిలుపు మాత్రం ఇంకా బయోసే. అది ర్యామ్‌ని (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ), గ్రాఫిక్స్‌ని, కీబోర్డుని ఒక చూపు చూసి, తెర మీద లోగో వేస్తుంది. తర్వాత డిస్కు ఎక్కడుందో వెతికి, అందులోని విండోస్‌కి పగ్గాలు అప్పగిస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బయల్దేరిన సింహాచలం బస్సు దారి మొదట్లో మద్దిలపాలెంలోనే ఆగిపోతే, దానికోసం సింహాచలం దగ్గరి అడివివరంలో వెతకం. ఇక్కడా అంతే. మీ మెషీన్ ఏ స్టాపులో ఆగిందో తేలితే సగం పని అయిపోయినట్టే. కాబట్టి దేన్నీ ముట్టుకోకముందు ఒక్కసారి ఆన్ చేసి, రెండు నిమిషాలపాటు ఊరికే చూడండి, వినండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. తర్వాత షాపువాళ్లకి చెప్పాల్సి వస్తే పనికొస్తుంది.

ఉలుకూ పలుకూ లేకపోతే

లైటు లేదు, ఫ్యాను లేదు, శబ్దం లేదు. అలాంటప్పుడు ముందు క్యాబినెట్‌ని వదిలేసి గోడ దగ్గరికి వెళ్లండి. అదే ప్లగ్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. స్పైక్ బస్టర్‌నీ, యూపీఎస్‌నీ పక్కకి తీసి, పవర్ కేబుల్‌ని నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. నాకు వచ్చే "చచ్చిపోయిన" డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అసలు జబ్బు యూపీఎస్‌ది. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకి చేతులెత్తేస్తుంది. కరెంటు పోయి వచ్చిన క్షణంలో లోడు మోయలేక కీచుమని అరిచి ఆగిపోతుంది. మనం కంప్యూటర్‌ని తిట్టుకుంటాం.

క్యాబినెట్ వెనక, పవర్ కేబుల్ దూర్చే చోట ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు గీత, ఒకవైపు సున్నా. గీత వైపు నొక్కి ఉండాలి. ఇల్లు తుడిచేటప్పుడు చేయి తగిలి ఇది ఆఫ్ అయిపోవడం ఎన్నిసార్లు చూశానో. కేబుల్ కూడా మార్చి చూడండి. మానిటర్ కేబులూ, క్యాబినెట్ కేబులూ సాధారణంగా ఒకే రకం కాబట్టి అటుదిటు మార్చి చూస్తే తేలిపోతుంది.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేయండి. పెన్‌డ్రైవ్, మౌస్, అన్నీ తీసేయండి. పవర్ బటన్‌ని ముప్ఫై సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి. వదిలేసి, ఛార్జర్ పెట్టి, మామూలుగా ఒకసారి నొక్కండి. లోపల మిగిలిపోయిన ఛార్జి దిగిపోయి, కొన్ని మెషీన్లు దీంతోనే లేచి కూర్చుంటాయి. బ్యాటరీ పూర్తిగా అడుగంటిన ల్యాప్‌టాప్‌ని ఛార్జింగ్‌లో పెట్టిన మరుక్షణం నొక్కి, రాలేదని కంగారు పడకండి, అరగంట ఆగండి. ల్యాప్‌టాప్ అడుగు భాగం ఉబ్బినట్టు కనిపించినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు. అది ఉబ్బిన బ్యాటరీ. నొక్కితే, గుచ్చుకుంటే మంటలు లేవొచ్చు. జాగ్రత్తగా తీసుకెళ్లి మార్పించండి.

ఇంత చేసినా డెస్క్‌టాప్ కదలకపోతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకి పోతుంది. దాన్ని విప్పడం మన పని కాదు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు చాలాసేపు నిలిచి ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర ఇంకో ఎస్‌ఎంపీఎస్ దొరికితే పెట్టి చూడటమే తేలిక దారి. కొత్తది పెట్టేటప్పుడు బోర్డుకి 24 పిన్నుల పెద్ద కనెక్టరుతో పాటు, ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల చిన్న కనెక్టరు ఒకటి ఉంటుంది. అది మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ప్రాసెసర్ లేవదు.

ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు

విశాఖలో నేను ఎక్కువగా చూసేది ఇదే. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ముందు తేలికవి. మానిటర్ ఆన్‌లో ఉందా? దాని బటన్ నొక్కితే "నో సిగ్నల్" అని వస్తే మానిటర్ బాగానే ఉన్నట్టు. కేబుల్ రెండు చివర్లూ తీసి పెట్టండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ అయితే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డు వైపున్న సాకెట్‌కి కాదు. ఇల్లు మారినప్పుడు, పండగకి దులిపినప్పుడు జరిగే పొరపాటు ఇది. ల్యాప్‌టాప్ అయితే గది చీకటి చేసి, ఫోన్ టార్చిని తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ మసకగా కనిపిస్తే మెషీన్ పనిచేస్తోంది, తెర వెనక లైటు పోయింది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి పని కానిచ్చుకోవచ్చు.

అవేవీ కాకపోతే ర్యామ్. మన ఊళ్లో దీన్నే ముందు అనుమానించాలంటాను. బీచ్ రోడ్డు దగ్గర బాల్కనీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు ఎందుకు పడుతుందో మీకు తెలుసు. ఆ ఉప్పు గాలే క్యాబినెట్ లోపలికీ వెళ్తుంది. ర్యామ్ అంచున కనిపించే బంగారు రంగు గీతలు నిజంగా బంగారు పూతే. బంగారానికి తుప్పు పట్టదు గానీ ఆ పూత మరీ పల్చన. కంటికి కనిపించని రంధ్రాల్లోంచి అడుగున ఉన్న లోహాలకి చెమ్మ తగులుతుంది, పైన ఒక పొర కడుతుంది. పోర్టు వైపు ఇళ్లలో కిటికీ గూట్లో పేరుకునే నల్ల దుమ్ము దీనికి తోడు. రోజూ వాడే మెషీన్ వేడికి కాస్త పొడిగా ఉంటుంది. వేసవి సెలవులకి ఊరెళ్లి నెల తర్వాత వచ్చి ఆన్ చేస్తే మొరాయించేది ఇందుకే.

శుభ్రం చేసే పద్ధతి ఇది. పవర్ కేబుల్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి వదలండి. క్యాబినెట్ పక్క రేకు విప్పండి. లోపల చేయి పెట్టేముందు రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ అక్కడే దిగిపోతుంది. ర్యామ్ రెండు చివర్ల ఉన్న క్లిప్పులు (కొన్ని బోర్డుల్లో ఒకవైపే కదులుతుంది) బయటికి నొక్కితే కడ్డీ పైకి లేస్తుంది. అంచులు పట్టుకునే తీయండి. మెత్తని తెల్ల రబ్బరుతో ఆ బంగారు గీతల్ని నిలువుగా, నెమ్మదిగా, రెండు వైపులా రుద్దండి. పెన్ను గీతలు చెరిపే గరుకు రబ్బరు వాడితే పూత కూడా పోతుంది. రబ్బరు పొడి ఒక్క పలుకు కూడా మిగలకుండా మెత్తని బ్రష్‌తో దులిపేయండి, ఆ పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే గుడ్డ మీద రెండు చుక్కలు వేసి తుడిస్తే ఇంకా మంచిది. చేతులకి రాసుకునే శానిటైజర్ మాత్రం వద్దు, అందులోని జిడ్డు పదార్థాలు ఆరకుండా ఉండిపోతాయి. స్లాట్‌లోని దుమ్ముని నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. బ్రష్ చాలు.

తిరిగి పెట్టేటప్పుడు కడ్డీలోని గాటు, స్లాట్‌లోని గాటు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. క్లిప్పు "టక్" మనేదాకా రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కాలి. భయపడి సగం నొక్కి వదిలేస్తే ఏం ప్రయోజనం లేదు. రెండు కడ్డీలుంటే ముందు ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ఒక్క కడ్డీ సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి. ఒక కడ్డీతో వచ్చి, ఇంకోదాంతో రాకపోతే దొంగ దొరికినట్టే.

క్యాబినెట్‌లో చిన్న స్పీకరు ఉంటే అది వేసే బీప్‌లు వినండి. ఒక్క పొట్టి బీప్ అయితే అంతా బాగున్నట్టు. పొడుగు బీప్‌లు ఆగకుండా వస్తుంటే ఎక్కువగా ర్యామ్ గొడవే. బీప్‌ల లెక్క కంపెనీకో రకం కాబట్టి మీ బోర్డు మాన్యువల్ చూసుకోండి. కొత్త బోర్డుల్లో బీప్‌లకి బదులు నాలుగు చిన్న లైట్లుంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు). ఏది వెలిగి ఆగిపోయిందో అక్కడే తంటా. డీడీఆర్5 ర్యామ్ ఉన్న మెషీన్లలో ఒక సంగతి గుర్తుంచుకోండి. ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే, అది ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండొచ్చు. కంగారుపడి మధ్యలో ఆపకండి.

మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే గుండ్రటి సీమాస్ బ్యాటరీ ఇంకో అనుమానితుడు. సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది, 3 ఓల్టులు. రిమోట్ల బ్యాటరీలు అమ్మే చోట కూడా దొరుకుతుంది. ఇది అయిపోతే ప్రతిసారీ తేదీ ఏ పాత సంవత్సరానికో వెళ్లిపోతుంది. అంతటితో ఊరుకోదు. బయోస్‌లో మనం పెట్టిన సెట్టింగులు కూడా చెరిగిపోయి, డిస్కు ఉన్నా "బూట్ డివైస్ లేదు" (విండోస్ ఉన్న డిస్కు దొరకలేదు) అనే దాకా వస్తుంది. పాత డెస్క్‌టాప్ అయితే ముందు ఈ బ్యాటరీ మార్చి, ఆ తర్వాత మిగతావి చూడండి.

హుద్‌హుద్ వచ్చినప్పుడు, అంటే 2014 అక్టోబర్ 12 తర్వాత, వాన నీళ్లు దూరిన క్యాబినెట్లు మా వీధిలో వరసగా ఎండలో పెట్టారు. కరెంటు వచ్చింది కదా అని ఆత్రంగా ఆన్ చేసినవి కాలిపోయాయి. కొన్నాళ్లు ఓపిక పట్టి, విప్పి ఆరబెట్టిన వాటిలో చాలావరకు బతికాయి. తడిసిన మెషీన్‌ని "పనిచేస్తుందో లేదో" అని ఒక్కసారి కూడా నొక్కి చూడకండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు, నూకలు పోర్టుల్లో ఇరుక్కుంటాయి.

లోగో వచ్చి ఆగిపోతే

లోగో వచ్చిందంటే ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ నిలబడ్డట్టే. ఆ తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో బూట్ డివైస్ దొరకలేదన్నట్టు వస్తే, ముందు పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ప్రింటర్, అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. కొన్నిసార్లు మెషీన్ పెన్‌డ్రైవ్‌లో విండోస్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది.

అయినా రాకపోతే ఆన్ చేస్తూనే డిలీట్, ఎఫ్2, ఎఫ్10 లాంటి కీని పదే పదే నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఏ కీ అనేది చాలాసార్లు లోగో కిందే రాసి ఉంటుంది. అక్కడ మీ డిస్కు పేరు కనిపిస్తోందా? కనిపిస్తుంటే బూట్ వరసలో దాన్ని (లేదా "విండోస్ బూట్ మేనేజర్"ని) మొదట పెట్టి సేవ్ చేయండి. కనిపించకపోతే ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, డిస్కు కేబుల్ రెండు చివర్లూ ఊడదీసి పెట్టండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డుకే నేరుగా తగిలించే పల్చటి డిస్కు) అయితే దాని స్క్రూ విప్పి, తీసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. ర్యామ్‌కి చెప్పిన ఉప్పు గాలి కథే దీనికీ వర్తిస్తుంది.

పాత హార్డ్ డిస్కు నుంచి "టిక్... టిక్... టిక్" అని ఒకే తాళంలో శబ్దం వస్తుంటే అక్కడితో ఆపేయండి. మళ్లీ ఆన్ చేయొద్దు. అందులో పెళ్లి ఫొటోలో, పిల్లల సర్టిఫికెట్లో ఉంటే, ఆన్ చేసిన ప్రతిసారీ అవి తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

విండోస్ మొదలై మధ్యలో పడిపోతే

చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, లేదా నీలి తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ఇక్కడికొచ్చాకే విండోస్‌ని అనుమానించాలి. అది కూడా వెంటనే కాదు. "అప్‌డేట్స్" అనే మాట తెర మీద ఉంటే గంట ఆగండి, పాత హార్డ్ డిస్కు అయితే ఇంకాసేపు. మధ్యలో కరెంటు తీస్తే ఉన్న గొడవకి ఇంకోటి తోడవుతుంది. నీలి తెర వస్తే ఫొటో తీయండి. అడుగున పెద్దక్షరాల్లో ఉండే స్టాప్ కోడ్ ముఖ్యం. తక్కువ వెలుగులో ఫోన్ కదిలి మసక ఫొటోలు పంపేవాళ్లే ఎక్కువ, ఇంకోసారి తీయండి.

నీలి తెర చూడగానే మెషీన్ పనైపోయిందనుకోనక్కర్లేదు. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఇలాగే పడిపోయాయి. విమానాలు ఆగాయి, బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మందు ఏమిటంటే, సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి వాటితోనే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లి ఆ తప్పుడు ఫైలు తీసేయడం. చాలా మెషీన్లు ఫార్మాట్ చేయనక్కర్లేకుండానే ఆ దారిలో లేచాయి.

మీరు వెళ్లాల్సింది కూడా అటే. విండోస్ మొదలవగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే తర్వాతిసారి "ఆటోమేటిక్ రిపేర్" అంటూ నీలిరంగు మెనూ దానంతటదే వస్తుంది. మామూలప్పుడు ఇలా ఆపొద్దు, ఇది ఆపద్ధర్మం మాత్రమే. అందులో "ట్రబుల్‌షూట్", ఆ తర్వాత "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్".

ఇక్కడ చాలామంది ఒక గోడకి గుద్దుకుంటారు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కుకి బిట్‌లాకర్ తాళం ముందే పడి ఉంటుంది. రిపేర్‌కి వెళ్లినప్పుడు, కొన్నిసార్లు బయోస్ సెట్టింగులు కదిలినప్పుడు కూడా, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు పెట్టుకున్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్‌లో లాగిన్ అయితే కీ అక్కడ ఉంటుంది. ఏ మెయిల్‌తో పెట్టారో గుర్తులేకో, షాపు కుర్రాడు తన మెయిల్‌తో పెట్టేయడం వల్లో డేటా మొత్తం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. మీ మెషీన్ ఇప్పుడు బాగానే ఉంటే ఇది చదవడం ఆపి, ఆ కీ ఒకసారి వెతికి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

కీ ఇచ్చాక, ముందు "స్టార్టప్ రిపేర్" నొక్కి చూడండి. ఖర్చేమీ లేదు, ఒక్కోసారి పనవుతుంది. ఈమధ్యే అప్‌డేట్ అయ్యాక మొదలైన గొడవైతే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్". అదీ కాకపోతే "స్టార్టప్ సెట్టింగ్స్"లోకి వెళ్లి రీస్టార్ట్ చేసి, వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. నెట్ కూడా కావాలంటే 5. సేఫ్ మోడ్‌లో మెషీన్ చక్కగా వచ్చిందంటే విండోస్ బతికే ఉంది. ఈమధ్య కొత్తగా వేసిన డ్రైవరో, యాంటీవైరసో అడ్డం పడుతోంది. దాన్ని తీసేయండి. వరస గుర్తులేకపోతే "సిస్టమ్ రీస్టోర్"తో పదిరోజుల వెనక్కి వెళ్లొచ్చు, మీ ఫొటోలూ డాక్యుమెంట్లూ చెక్కుచెదరవు. అయితే రీస్టోర్ పాయింట్లు ముందే ఉండి ఉండాలి.

ఏదీ పనిచేయకపోతే, రీసెట్ చేసేముందు డేటా బయటికి తీయండి. ఇంకో కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లాంటి లినక్స్ ఎక్కించి, దాంతో మీ మెషీన్‌ని నడపొచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" అన్న దారిలో వెళ్తే మీ డిస్కు ఫోల్డర్లా తెరుచుకుంటుంది (బిట్‌లాకర్ ఉంటే మళ్లీ ఆ కీ కావాలి). కావలసినవి బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, అప్పుడు "రీసెట్ దిస్ పీసీ"కి వెళ్లండి. "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే ఫైళ్లుంటాయి, వేసుకున్న సాఫ్ట్‌వేర్లు మాత్రం పోతాయి. అదీ కాకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఎక్కించుకుని కొత్తగా వేసుకోవడమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు 11 కుదురుతుందేమో చూసుకోండి.

షాపుకి తీసుకెళ్లేటప్పుడు

షాపులుండే ద్వారకానగర్ వైపు వెళ్లేముందు ర్యామ్ మీదా, డిస్కు మీదా ఉన్న స్టిక్కర్లు ఫొటో తీసుకోండి, సీరియల్ నంబరు కనిపించాలి. డేటా ముఖ్యమైతే, డెస్క్‌టాప్ అయినప్పుడు డిస్కు ఊడదీసి ఇంట్లోనే ఉంచేయండి. డిస్‌ప్లే రాని గొడవకి వాళ్లకి దాంతో పనిలేదు. "ఆన్ కావట్లేదు" అని చెప్పకండి. "ఫ్యాన్ తిరుగుతోంది, బీప్ లేదు, డీర్యామ్ లైటు దగ్గర ఆగింది, ర్యామ్ తుడిచి రెండు స్లాట్లలో చూశాను, సీమాస్ బ్యాటరీ మార్చాను" అనండి. అవతలివాళ్ల మాట తీరే మారుతుంది. బోర్డు పోయిందంటే ఏ పరీక్షతో తేల్చారో అడగండి, మార్చిన పాత భాగం తిరిగివ్వమనండి.

బాగైందన్నాక నెట్ కలపకముందే షాపులోనే ప్లగ్ పూర్తిగా తీయించి, పది నిమిషాలాగి మళ్లీ ఆన్ చేయించండి. గడియారం సరైన టైము చూపిస్తే సీమాస్ బ్యాటరీ కూడా బాగున్నట్టే, డబ్బులిచ్చి బయల్దేరండి.